అటక మీది పాటల పెట్టె

మీ ఇంట్లో అటక ఎక్కి ఎన్నాళ్ళయింది? ముఖ్యంగా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు మిత్రులను అడుగుతున్నాను. ఈసారి పండక్కి బూజు దులిపేటప్పుడు నిచ్చెన వేసి ఓ చూపు చూడండి. ఇత్తడి గుండిగల వెనకాల, పాత పెళ్ళి పత్రికల కట్ట పక్కన, గుడ్డ కప్పిన పెట్టె ఒకటి కనిపించవచ్చు. రెండు వైపులా గుండ్రటి స్పీకర్లు, మధ్యలో క్యాసెట్ తలుపు, పైన మడతపెట్టే ఏరియల్, ఓ మూల ‘నేషనల్ పానసోనిక్’ అనో ‘శాన్యో’ అనో అక్షరాలు. అదేనండీ, ఆనాటి మహారాజు టూ-ఇన్-వన్! రేడియోకి రేడియో, టేపుకి టేపు.

అమ్మ ఏమంటుంది? ‘‘పాత సామాను బండి వస్తే వేసెయ్యి రా’’ అంటుంది. తాత మాత్రం మంచం మీంచి లేస్తాడు. ‘‘దాన్ని ముట్టుకున్నవో సూడు!’’

పాడని, మాట్లాడని పెట్టె మీద తాతకు అంత ప్రేమ ఎందుకు? ఈ వారం మన ముచ్చట అదే.

ఇవాళ పాట మన జేబులోనే ఉంటుంది. బస్సులో, బాత్రూంలో, ఎక్కడ కావాలంటే అక్కడ వేలు తాకితే చాలు, పాడేస్తుంది. కానీ ఒక పాట మళ్ళీ వినాలంటే ఆ సినిమా మళ్ళీ చూడాల్సిన రోజులు ఉండేవి. లేదా ఊళ్ళో పెళ్ళి కోసం ఎదురు చూడాలి! పెళ్ళి పందిరి పక్కన వేపచెట్టు కొమ్మకు సన్నాయి లాంటి లౌడుస్పీకర్ కట్టేవారు. కింద మైకుసెట్టాయన ఆంప్లిఫయర్ ముందు పెట్టుకొని, రికార్డు మీద ముల్లు దించేవాడు. ఆయన చుట్టూ పిల్లల గుంపు. పెళ్ళికొడుకును ఎవరు చూశారు? అందరి కళ్ళూ గిర్రున తిరిగే నల్ల పళ్ళెం మీదే! హాలు దగ్గరైతే ఆట మొదలయ్యే ముందు ఘంటసాల కంఠంలో వెంకటేశ్వరస్వామి పాట వినిపించేది. అది వినగానే నేల టిక్కెట్టు వాళ్ళు పరుగో పరుగు.

ఆ నల్ల పళ్ళెం కథ కూడా తమాషాగానే ఉంటుంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డుల్లో ముఖ్యమైన సరుకు లక్క. చెట్ల మీద పురుగులు చేసే మన లక్కే! పది అంగుళాల రికార్డు ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే పాడేది. సినిమా పాట మూడు నిమిషాల్లో ముగిసే అలవాటు బలపడడానికి ఆ పళ్ళెం కొలత కూడా ఒక కారణం. 1948లో అమెరికాలో లాంగ్ ప్లే రికార్డు పుట్టింది, తర్వాత మన దేశానికీ వచ్చింది. కుక్కబొమ్మ కంపెనీ వాళ్ళ ‘ఫియెస్టా’ ప్లేయరు చేతిలో పట్టుకు తిరిగేంత చిన్నది. కొన్నవాడి ఇల్లు ఆ వీధికే కచేరీ సావడి!

రికార్డు ప్లేయరు కొనలేని ఇంటికి రేడియో దేవుడు. మర్ఫీ, ఫిలిప్స్, బుష్... పేర్లు చెబితేనే పెద్దవాళ్ళ కళ్ళు మెరుస్తాయి. రేడియో పెట్టుకోవాలంటే పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి, అందుకో పుస్తకం. 1980ల మధ్యకి గానీ ఆ బెడద పూర్తిగా వదల్లేదు. ఇంటి కప్పు మీద ఈ కొస నుంచి ఆ కొసకు ఏరియల్ కట్టి, అర్థం కాని గురగురల మధ్య నుంచి సిలోన్ స్టేషన్‌ను పట్టుకోవడం ఒక విద్య. మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు పలకరింపు వినిపించిందా, ఆ పూట ధన్యం! హిందీ పాటల వాళ్ళకు 1952లో మొదలైన బినాకా గీత్‌మాలా, అమీన్ సయానీ గొంతు. 1957 అక్టోబరు 3న వివిధ భారతి వచ్చాక మన రేడియోలోనూ సినిమా పాటకు పెద్ద పీట పడింది. సినిమాను గంటలోకి కుదించి వినిపించే ‘సంక్షిప్త శబ్దచిత్రం’ మరో పండగ. హాలుకు వెళ్ళే డబ్బుల్లేని వాడు సినిమాను చెవులతో చూసేవాడు. నాయిక ఎలా ఉందో, కోట ఎంత పెద్దదో అంతా వాడి ఊహే. బీడీలు చుట్టే ఇళ్ళలో చేతులు ఆకు మీద, చెవులు రేడియో మీద. సిరిసిల్ల మగ్గాల చప్పుడులోనైతే రేడియో గొంతు పెంచక తప్పేది కాదు.

ఇక్కడ మనవాడి సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఇప్పటి రాజన్న సిరిసిల్ల జిల్లాలో వేములవాడ దగ్గర హనుమాజీపేట అనే పల్లె ఉంది. 1931లో అక్కడ పుట్టిన ఓ కుర్రాడు ఊళ్ళోకి వచ్చే హరికథలూ జంగం కథలూ వింటూ పెరిగాడు. సిరిసిల్లలో చదువుకున్నాడు. ఆయనే సినారె, డాక్టర్ సి. నారాయణరెడ్డి. ఎన్.టి. రామారావు పిలుపుతో ‘గులేబకావళి కథ’కు (1962) పాటలన్నీ ఆయనే రాశారు. చూశారా గమ్మత్తు! ఊరి కథకుడి నోట విన్నది చెవిలో పడి, కలంలోకి దిగి, మద్రాసులో పాటై, రికార్డై, రేడియోలో ఎక్కి మళ్ళీ ఆ ఊరికే వచ్చింది. వినడం తెలిసినవాడికే వినిపించడం తెలుస్తుంది మరి.

ఇంతవరకు చెప్పినది తెలుగునాట ఏ ఊరి కథైనా కావచ్చు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల కథ వేరుగా మొదలైంది 1970లలో. 1973లో చమురు ధర ఆకాశానికి ఎగిరింది. గల్ఫ్ దేశాల్లో రోడ్లూ రేవులూ మేడలూ కట్టడానికి మనుషులు కావలసి వచ్చారు. వానలు నమ్మలేని పొలాల నుంచి, కూలి గిట్టని మగ్గాల నుంచి, ఈ ప్రాంతపు మగవాళ్ళు అప్పులు చేసి వీసాలు కొని బయల్దేరారు. అంతకు ముందే సిరిసిల్ల నేతగాళ్ళకు బొంబాయి, భీవండి, షోలాపూర్ అలవాటే. ఇప్పుడు సముద్రం దాటారు. సౌదీ వెళ్ళినా, మస్కట్ వెళ్ళినా, కువైట్ వెళ్ళినా ఊళ్ళో మాట ఒక్కటే: ‘‘దుబాయి పోయిండు.’’

రెండేళ్ళకో మూడేళ్ళకో సెలవు మీద వచ్చేవాడు బొంబాయి విమానాశ్రయంలో దిగి, కస్టమ్స్ గండం గడిచి, రైలూ బస్సూ మారి ఊరు చేరేవాడు. ఒక చేతిలో సెంటు సీసాలూ చీరలూ ఉన్న సూట్‌కేసు. రెండో చేతిలో, లేదా భుజం మీద, అట్టపెట్టెలో టూ-ఇన్-వన్! వాకిట్లో చాప పరిచి పెట్టె విప్పితే వాడంతా హాజరు. దానిలో ఎరుపు దీపాలు పాటకు తగ్గట్టు ఎగిరేవి. తబలా ఒక స్పీకర్లో, వేణువు మరో స్పీకర్లో! ‘‘అరే, ఆ పక్కన ఒకడు, ఈ పక్కన ఒకడు కూసున్నరు రా’’ అని ముసలాయన పెట్టె వెనక్కి వెళ్ళి చూస్తే ఎవరైనా నవ్వారా? లేదు, వాళ్ళకూ అదే అనుమానం! స్టీరియో అంటే ఏమిటో ఆ పల్లె పిల్లలు పుస్తకంలో చదవలేదు, వాకిట్లో విన్నారు.

తర్వాత క్యాసెట్ల జాతర. ఫిలిప్స్ కంపెనీ 1963లో బెర్లిన్ ప్రదర్శనలో చూపించిన చిన్న క్యాసెట్ ఇది. ఇతర కంపెనీలకూ దాన్ని తయారు చేసుకోనివ్వడం వల్ల ప్రపంచమంతా ఒకే కొలత స్థిరపడింది. జపాన్ పెట్టెలో జర్మనీ క్యాసెట్టైనా ఇట్టే పట్టేది. 1979 జులైలో సోనీ వాక్‌మన్ వచ్చాక పాట మనిషితో నడవడం మొదలుపెట్టింది. మన సినిమావాళ్ళూ ఊరుకున్నారా? ‘షోలే’ (1975) సంభాషణల రికార్డు దేశాన్ని ఊపేసింది. 1977 సంక్రాంతికి వచ్చిన ‘దానవీరశూర కర్ణ’ సంభాషణలు హోటళ్ళలో, పెళ్ళిళ్ళలో మారుమోగాయి. ఎన్.టి.ఆర్. డైలాగు మొత్తం ఊపిరి తిప్పకుండా అప్పజెప్పే కుర్రాడు ఊరికొకడు తయారయ్యాడు. 1980లో ‘శంకరాభరణం’ వచ్చింది. సంగీతం రాదనుకున్న ఇళ్ళలో కూడా కె.వి. మహదేవన్ స్వరాలూ బాలు గానమూ తెల్లవారుజామున వినిపించాయి. ఘంటసాల భగవద్గీత సరే సరి.

కుర్రకారు ఊరికే విని కూర్చుంటారా? పెట్టెలు చెడేవి, మెకానిక్ దగ్గరికి చేరేవి. ఆ మెకానిక్ కొట్టు ముందు నిలబడి చూసిన పిల్లాడికి జబ్బు అంటుకునేది! పాత ట్రాన్సిస్టరులోంచి ఊడదీసిన స్పీకరును కుండ నోటికి బిగించి వింటే... అబ్బో, ఢమఢమలు! ఇందులో మంత్రం లేదు. స్పీకరు అట్ట ముందుకు కదిలితే ముందున్న గాలి నొక్కుకుంటుంది, అదే క్షణాన వెనక గాలి పలచబడుతుంది. అడ్డం లేకపోతే ఈ రెండూ కలిసి బరువైన నాదాలను చంపేసుకుంటాయి. కుండ ఆ వెనక గాలిని లోపలే కట్టేస్తుంది. గుండ్రటి మట్టి గోడ గట్టిగా ఉంటుంది కనుక అది అదరదు. ఇవాళ వేల రూపాయలు పోసి కొనే స్పీకరు డబ్బాకూ మూలసూత్రం అదే, ఫ్యాక్టరీ మాత్రం కుమ్మరి వాడలో! ఇంకాస్త ముదిరినవాళ్ళు హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్ళి, 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు తెచ్చి, సొంతంగా ఆంప్లిఫయర్లు కట్టేవారు. ఆ పిచ్చి పట్టినవాడికి అరవై దాటినా వదల్లేదు. ఇప్పటికీ పాట వినేటప్పుడు ‘‘మాటలు బాగున్నాయి’’ అనడు, ‘‘బేస్ చూశావా’’ అంటాడు!

అయితే తాత ప్రేమకు అసలు కారణం బేస్ కాదు, స్టీరియో కూడా కాదు. అక్కడికే వస్తున్నాను.

టూ-ఇన్-వన్‌లో ఒక ఎర్ర బొత్తం ఉంటుంది. రికార్డు బొత్తం. పక్కనే జల్లెడలా చిన్న చిల్లులు, వాటి వెనక మైకు. చదువు రాని అమ్మ ఉత్తరం రాయించుకోవాలంటే ఇంకొకరి ముందు మనసు విప్పాలి, వచ్చిన ఉత్తరం ఇంకొకరి చేత చదివించుకోవాలి. ఊరికి ఫోన్లు లేవు. గల్ఫ్‌కు మనుషులను పంపిన చాలా ప్రాంతాల్లో జరిగినట్టే ఇక్కడా క్యాసెట్టే ఉత్తరమైంది. సెలవు మీద వచ్చేవాడి సంచిలో నాలుగిళ్ళ క్యాసెట్లు వచ్చేవి. వెళ్ళేవాడి సంచిలో నాలుగిళ్ళ జవాబులు వెళ్ళేవి.

అందులో మాటలు ఇలా ఉండేవి: ‘‘అవ్వా, నేను మంచిగున్న. రంది పెట్టుకోకు. బాపు దమ్ము తగ్గిందా? పైసలు ముట్టినయా?’’ ఇటునుంచి జవాబు: ‘‘బిడ్డా, వానలు పడ్డయి, నాట్లయినయి. బర్రె ఈనింది. నీ కొడుకు అ ఆ లు చెప్తడట, ఇనుకో...’’ తర్వాత ఓ పసిగొంతు తడబడుతుంది. వెనక కోడి కూస్తుంది. ఎవరో ముక్కు చీదుతారు. భార్య మాత్రం అందరి ముందూ ఏమీ మాట్లాడదు. అందరూ లేచి వెళ్ళాక, క్యాసెట్ చివర్లో, గుసగుసగా రెండు మాటలు. ఎడారిలో ఎనిమిది మంది పడుకునే గదిలో అవతలివాడు ఆ రెండు మాటలూ చెవి ఆనించి ఎన్నిసార్లు విని ఉంటాడో టేపుకే తెలియాలి.

అదీ సంగతి! ఆ ఇంట్లో ఆ పెట్టె పాటల పెట్టె మాత్రమే కాదు. ఇంట్లో లేని మనిషి కూర్చునే పీట. మూడేళ్ళ చెమటతో కొన్నది కనుక ఖరీదు, అతని గొంతు పలికింది కనుక ప్రాణం. ఆ ఇంటి పిల్లలు పెరిగి పెద్దై హోం థియేటర్లు కొన్నారు, ఖరీదైన స్పీకర్లు కొన్నారు. వాళ్ళ తృష్ణ అంతా చిన్నప్పుడు ఆ చిల్లుల జల్లెడలోంచి విన్న ‘‘ఏం చేస్తున్నవ్ బిడ్డా’’ అన్న మాటను మళ్ళీ అంత దగ్గరగా వినాలనే. సామాను మీద ప్రేమ అనుకుంటాం గానీ, అది గొంతు మీద ప్రేమ.

సిరిసిల్ల కుర్రాడు వేణు ఎల్దండి 2023లో తీసిన ‘బలగం’ చూశారు కదా? చివర్లో కథకులు వచ్చి, పోయిన పెద్దాయన తరఫున పాట అందుకుంటే హాలంతా కన్నీరు. పోయినవాడి మాట మరొకరి గొంతులో విన్నందుకే మన గుండె అలా కరిగిందే! మరి పోయినవాడి సొంత గొంతే మీ అటక మీద ఉంటే?

ఉంది మిత్రులారా, చాలా ఇళ్ళలో ఉంది. కానీ ఎంతో కాలం ఉండదు. క్యాసెట్‌లో ఉన్నది నాలుగు మిల్లీమీటర్లు కూడా వెడల్పు లేని ప్లాస్టిక్ రిబ్బను, దాని మీద గోధుమరంగు ఇనుప పొడి పూత. అరవై నిమిషాల క్యాసెట్‌లో ఆ రిబ్బను సుమారు 90 మీటర్ల పొడవు. నలభై ఏళ్ళ తేమకు బూజు పడుతుంది, ఎండకు వంకర తిరుగుతుంది. అందుకే ఈ వారం మీకు నాలుగు పనులు చెబుతున్నాను. శ్రద్ధగా వినండి.

మొదటిది, క్యాసెట్ దొరకగానే ఆత్రంగా ఆ పాత పెట్టెలో వేయకండి. పెట్టెలో మరిచిపోయిన సెల్లులు కారి ఉంటాయి, తీసేయండి. వెనక ఓల్టేజి మీట ఉంటే 220 వైపు ఉందో లేదో చూడండి, ఎందుకంటే కొన్నింటిని 110కి కూడా మార్చుకోవచ్చు. కరెంటు పెట్టే ముందు మెకానిక్‌కు చూపించండి. లోపలి రబ్బరు బెల్టులు ఈపాటికి సాగిపోయో, జిగురైపోయో ఉంటాయి. అవి మార్చేవే. టేపు తాకే హెడ్‌ను, పక్కన తిరిగే రబ్బరు చక్రాన్ని స్పిరిటులో ముంచిన దూదితో తుడిపించండి. ముందుగా పోయినా ఫరవాలేదనుకున్న పాటల క్యాసెట్‌ను వేసి చూడండి. అది నమిలెయ్యకపోతేనే తాత గొంతును దానికి అప్పగించండి.

రెండోది, క్యాసెట్ వెనక అంచులో రెండు చిన్న ప్లాస్టిక్ రేకులుంటాయి. వాటిని విరిచేయండి. ఇక పొరపాటున ఎర్ర బొత్తం నొక్కినా ఆ గొంతు చెరిగిపోదు. మిగతా అన్ని పనుల కన్నా ముందు ఈ పని చేయండి.

మూడోది, చుట్ట మీద తెల్లని బూజు కనిపిస్తే ఆడించకండి, తెలిసినవాళ్ళకు అప్పగించండి. శుభ్రంగా ఉంటే ఒకసారి చివరిదాకా ముందుకు తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పండి. ఏళ్ళ తరబడి అతుక్కున్న పొరలు విడివడతాయి. పెంకు పగిలితే రిబ్బనును మరలున్న కొత్త పెంకులోకి మార్చవచ్చు. తెగినా అతికించవచ్చు. 120 నిమిషాల క్యాసెట్లు మరీ పల్చన, వాటితో జాగ్రత్త.

నాలుగోది, గొంతును ఫోనులోకి ఎక్కించాలనుకుంటే స్పీకరు ముందు ఫోను పట్టుకోకండి. గదిలో ఫ్యాను గోల కూడా ఎక్కుతుంది. ఇయర్‌ఫోను రంధ్రం నుంచి వైరుతో కంప్యూటర్‌లోకి తీసుకోండి. కుదించని ఫైలుగా దాచండి. ఒకటి ఇంట్లో, ఒకటి బంధువు ఇంట్లో, ఒకటి ఇంటర్నెట్టులో ఉంచండి. ఎవరి గొంతు, ఏ ఊరి నుంచి, సుమారు ఏ సంవత్సరం అన్నది తాతనో నాయనమ్మనో ఇప్పుడే అడిగి రాసుకోండి. ఇంకో మాట! కోడి కూతా, దగ్గూ, మగ్గం చప్పుడూ అనవసరమని కత్తిరించకండి. ఆ చప్పుళ్ళే మీ ఊరు. అలాంటి మగ్గం చప్పుడు రేపు ఏ సినిమా స్టూడియో అయినా వెతికినా దొరకకపోవచ్చు.

సినిమా పాటలకు భయం లేదు. వాటి అసలు ప్రతులు కంపెనీల దగ్గర ఉంటాయి, లక్షల మంది దగ్గర నకళ్ళుంటాయి. ‘శంకరాభరణం’ రేపైనా వినవచ్చు, ఎల్లుండైనా వినవచ్చు. కానీ ‘‘నాట్లయినయి బిడ్డా’’ అన్న గొంతుకు లోకంలో ఉన్న ప్రతి ఒక్కటే. అది ఏ దుకాణంలోనూ దొరకదు, ఏ కంపెనీ మళ్ళీ విడుదల చేయదు.

కొత్త స్పీకర్లు కొనాలని ఉబలాటపడే మిత్రులారా, తప్పకుండా కొనండి, మంచివే కొనండి. కానీ వాటిలో మొట్టమొదట ఏ పాట వినాలో తెలుసుకోవాలంటే ముందు అటక ఎక్కండి.